మేజువాణి కార్డు

"పేరు లేకుండా రాసుకుంటే ఏం కొంపలు మునుగుతాయి?" అని కొడుకు అనడం అది మూడోసారి.

"కార్డు కొట్టేస్తారండీ," అంది కోడలు, ఉల్లిపాయలు తరుగుతూనే. "ఎవరు చెప్పారో, వాళ్ళకెలా తెలుసో రాయని మాట మా నిఘంటువులోకి ఎక్కదు."

"మా ఆఫీసులో నలుగురూ చదివితే?"

"నిఘంటువు ఎవరు చదువుతారు నాన్నా? పక్క గదిలో ఉన్నా నువ్వే ముట్టుకోవు," అంది మనవరాలు.

నవ్వొచ్చినా ఆపుకుంది పెద్దావిడ. ఈ రగడంతా తన మూలంగానే. కోడలు పనిచేసే నిఘంటువు ఆఫీసులో మాటకో కార్డు రాస్తారు. ఈ వారం 'మేజువాణి' అన్న మాట వచ్చిందట. పాత పుస్తకాల్లో ఉన్నదల్లా 'భోగంవాళ్ళ ఆట' అన్న ఒక్క ముక్కే. ఆవిడ ఊరుకోలేక నోరు విప్పింది. కొలువుకొచ్చిన అతిథులకి చేసే మర్యాదంతా మేజువాణేననీ, పాడుతూ ఒక్క చరణాన్నే పదిరకాలుగా అభినయించి సభని కూర్చోబెట్టడమూ మేజువాణేననీ చెప్పింది. ఎలా తెలుసంటే, వాళ్ళమ్మ చేసేది గనక.

కొలువులు పోయాక అమ్మ దర్జీ కొట్లో గుండీలు కుట్టింది. కుడుతూనే పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూతురికి అక్షరాలు దిద్దబెట్టింది. తన ఈడు ఆడపిల్లలు వేలిముద్రలు వేస్తున్న రోజుల్లో తను గడగడా చదివేది. ఆ చదువుతోనే బళ్ళో చేరింది. చేరిన రోజు ఫారంలో 'తల్లి చేయు పని' అన్న చోట మేజువాణి ఊసెత్తకుండా 'కుట్టుపని' అని తనే రాసింది. అమ్మ కాగితం తిప్పి చూసి, "దస్తూరీ ముత్యాల్లా ఉందే," అంది. ఇంకో మాట అనలేదు. ఆ అనకపోవడానికి ఆవిడ ఇన్నేళ్ళుగా మనసులోనే దణ్ణం పెట్టుకుంటూ ఉంది.

"నీ మంచికే చెప్తున్నానమ్మా," అన్నాడు కొడుకు, గొంతు తగ్గించి.

"తెలుసు నాయనా. నీకు అక్షరాలు నేర్పింది నేను. నాకు నేర్పింది ఆవిడ."

కొడుకు నీళ్ళ గ్లాసు తెచ్చి తల్లి పక్కన పెట్టాడు.

అందరూ కంచాల ముందు కూర్చున్నాక ఆవిడ మామూలుగానే చెప్పింది.

"రేపు నేనూ కోడలితో ఆఫీసుకెళ్తున్నాను. కార్డు మీద అమ్మ పేరూ, అమ్మ పనీ నా చేత్తోనే రాస్తాను."