శుక్రవారం కుంపటి

పురుషోత్తం సేటు కంసాలి దుకాణాల చెత్త కొంటాడు. దాన్ని కడిగి, అందులోని బంగారు నలుసులను పాదరసంతో ముద్ద చేసి కుంపటి మీద కాలుస్తాడు. పాదరసం ఆవిరై పోతుంది, బంగారం మిగులుతుంది. ఈ పని శుక్రవారం మాత్రమే చేస్తాడు. లక్ష్మి ఆ రోజే ఇంటికి రావాలట. పోయే ఆవిరి ఎవరింటికి పోతుందో ఆయనకు అక్కర్లేదు.

హైదరాబాదు శాలిబండలో ఆయన ఇంటి పై పోర్షన్‌లో నా కూతురు నందిని అద్దెకు ఉంటుంది. నిండు నెలల మనిషి. చూసి పోదామని ఊరినుంచి వచ్చిన నేను, ఆమె చేతిలో చాయ గ్లాసు వణకడం చూసి అక్కడే ఉండిపోయాను.

కింది కుంపటి సంగతి అల్లుడు ప్రహ్లాద్‌ను అడిగితే, "సేటు మంచోడు మామా. లొల్లి పెట్టుకుంటే ఇంకో ఇల్లు యాడ దొర్కుతది?" అన్నాడు.

ఆ మంచోడి కుంపటి పైనే వీడి పెళ్లాం పడుకుంటుంది.

గాలిలో పాదరసం కొలిచే యంత్రం ఒకటి మేడ మీద ఉంది. శ్రీహిత అనే పరిశోధకురాలు పెట్టింది. అది ఏం కొలుస్తుందో అడగకుండానే చోటిచ్చింది సేటే. నయాపూల్ బండ్ల పొగ సంగతి తేలుతుందని, పేపర్లో తన ఫోటో పడుతుందని ఆశ. ఒకరోజు ఆమె వచ్చి, యంత్రం గీసిన గీతను ఫోనులో సేటుకూ నాకూ చూపించింది.

"ఎండెక్కితే కొంచెం లేస్తది అంకుల్. గోడల్ల, నేలల పట్టింది వేడికి మళ్లా పైకొస్తది. రాత్రికి దిగుతది. కానీ శుక్రవారం శుక్రవారం గిట్ల నిలువుగ లేస్తది. ఏం చేస్తరు ఆ రోజు?"

"ట్రాఫిక్ బేటీ," అన్నాడు సేటు.

"ట్రాఫిక్ శుక్రవారమే వస్తదా సేటూ?" అన్నాను.

ఆయన భార్య వాసవాంబ మురిపెంగా అందుకుంది. "శుక్రవారం మాకు లక్ష్మి వచ్చే రోజు బిడ్డా. పూజ కాంగనే కుంపటి పెడ్తం."

సేటు ముఖం మాడిపోయింది. శ్రీహిత సంగతంతా అడిగి తెలుసుకుంది. "ఆ ఆవిరి కడుపుల బిడ్డకు మంచిది కాదు. ఆపకుంటే పై ఆఫీసుకు రాస్త," అంది.

"ఆపేసిన తల్లీ, వెంకన్న మీద ఒట్టు," అని సేటు దండం పెట్టాడు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. కిందినుంచి సాంబ్రాణి వాసన, దాని వెనకే కుంపటి సెగ. మేడెక్కి చూశాను. యంత్రం గాలి పీల్చే గొట్టానికి పాలిథిన్ కవర్ చుట్టి, దారంతో గట్టిగా కట్టి ఉంది. ఒట్టు వేసిన చేతులే కట్టి ఉంటాయి.

కవర్ విప్పి జేబులో పెట్టుకున్నాను. కిందికొచ్చి నందిని బట్టలు సర్దించాను. ఆటో పిలిచాను.

ప్రహ్లాద్ వాకిట్లో అడ్డం నిలబడ్డాడు. "చెప్పకుండ పోతే సేటు ఏమనుకుంటడో మామా."

జేబులోంచి కవర్ తీసి వాడి చేతిలో పెట్టాను.

"ముక్కుకు కట్టుకో అల్లుడా. సేటు ఏమనుకోడు."