భూతద్దం మీద నూనె

నా భూతద్దానికి ఎవరో నూనె పూస్తున్నారు. ఎవరో ఏమిటి, కొట్లో ఉండేది ఇద్దరమే: నేను, నా బావమరిది. నా అద్దానికి నేనే పూసుకోను కదా.

గడియారాలు బాగుచేసే పని మాది. ముప్పై ఏళ్లుగా కొట్టు తీసింది మొదలు కట్టేసేదాకా కుడికంటికి ఆ అద్దం బిగించుకునే ఉంటాను. ఆవగింజలో సగం ఉండే స్క్రూ బిగించాలన్నా, వెంట్రుకలాంటి స్ప్రింగు వంకర తీయాలన్నా ఆ కన్నే దిక్కు. ఎడమకన్ను చిన్నప్పటినుంచీ మసక, ముఖానికి అందం కోసం ఉందంతే. కుడికన్ను పోతే నా పని పోయినట్టే.

మొదటిసారి ఒక చేతిగడియారం విప్పుతుండగా పైనుంచి బూడిదరంగు తెర దిగింది. నొప్పి లేదు, మంట లేదు. అద్దం తీసి జేబురుమాలుతో తుడిచాను. అయినా మసక పోలేదు. నూనె కంటికీ అంటిందనుకుని కన్నూ తుడుచుకున్నాను. మళ్లీ అద్దం, మళ్లీ కన్ను. కాసేపటికి తేటపడింది. తుడిస్తే పోయిందంటే అది మరకే. ఈ తీర్పు చెప్పడానికి నాకు ఏ జడ్జీ అక్కర్లేదు.

నాలుగు రోజులకు మళ్లీ అదే తంతు. ఈసారి నోరు ఊరుకోలేదు. నా అద్దం ముట్టుకున్నావా అని అడిగితే, బావమరిది తన వేళ్లు పంట్లాముకు రాసుకుని, లేదన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. ఆరేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాను. చేయి తిరిగింది, ఇప్పుడు నన్ను గుడ్డివాడని నలుగురిలో తేల్చి కొట్టు తనది చేసుకుందామని చూస్తున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ అద్దాన్ని సొరుగులో పెట్టి తాళం వేయడం మొదలుపెట్టాను. తాళంచెవి నా మొలతాడుకే. అయినా తెర దిగింది. అంటే మారు తాళంచెవి చేయించాడన్నమాట! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

ఇంకొకటీ కనిపెట్టాను. నేను కేకలేసినప్పుడల్లా వాడు గోడగడియారం వైపు చూసి, ఒక చిన్న నోటుపుస్తకంలో ఏదో రాసి జేబులో దాచేవాడు. మన ఖాతాదారుల పేర్లు ఎత్తిరాసుకుంటున్నాడని ఇంట్లో చెప్పాను. మా ఆవిడ కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయింది. తమ్ముడు కదా, రక్తం లాగుతుందిలే అనుకున్నాను.

ఒక ఉదయం ఇంకా పని మొదలుపెట్టలేదు. గుమ్మం దగ్గర నిలబడి మంచినీళ్లు తాగుతున్నాను. తెర దిగింది. అలవాటుకొద్దీ జేబురుమాలు తీసి కన్ను తుడుచుకుంటూ, మళ్లీ పూశావురా అని అరిచాను.

వాడు చేతిలో పని వదిలేసి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"బావా, మీ కంటికి అద్దం లేదు."

తడిమి చూసుకున్నాను. నిజంగానే లేదు. అద్దం సొరుగులో ఉంది, తాళంచెవి నా మొలకే ఉంది.

ఆ రోజు తెర లేవనేలేదు. వాడే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ కంట్లోకి వెలుగు వేసి చూసింది, మెడ మీద ఒక యంత్రం ఆనించి చూసింది. దోషం కంట్లో కాదు, మెడలోని రక్తనాళంలో ఉందంది. అక్కడ పేరుకున్న కొవ్వు పెచ్చు చిట్లి, రేణువులు కంటి వెనక పొరకు అడ్డం పడుతున్నాయట. రక్తం ఆగితే పొరకు చూపు ఆగుతుంది, రేణువు కదిలితే మళ్లీ వస్తుంది. మరి వచ్చాక అంతా మామూలేగా అని అడిగాను. కాదంది. పస్తున్నవాడికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే ఎలా కష్టమో, ఎండిన పొరకు రక్తం తిరిగి రావడమూ అలాగే దెబ్బ, పొర వాచిపోవచ్చంది.

ఎన్నిసార్లు వచ్చింది, ఒక్కోసారి ఎంతసేపు ఉందని అడిగింది. నాకు గుర్తున్నదల్లా తిట్లే.

బావమరిది జేబులోంచి నోటుపుస్తకం తీసి ఆమెకిచ్చాడు. చదివి, ఆమె అప్పటికప్పుడు నన్ను ఆసుపత్రిలో చేర్చుకుంది. తొమ్మిదిసార్లు, మూడు నిమిషాల నుంచి ఇరవై దాకా పెరుగుతూ వచ్చింది, ఆలస్యమైతే తర్వాతి రేణువు మెదడుకే పోవచ్చంది. ఆ వారంలోనే మెడ కోసి నాళం శుభ్రం చేశారు.

పుస్తకం మంచం మీదే ఉండిపోతే, మెడకు కట్టుతోనే ఎడమకంటికి ఆనించుకుని చదివాను. ఒక్క ఖాతాదారు పేరూ లేదు. తేదీ, వేళ, 'నేను అద్దం ముట్టుకోలేదు. బావ ఎనిమిది నిమిషాలు తుడిచాడు.' ప్రతి పేజీలో ఇదే, నిమిషాలే వేరు. అక్క ముందు పంచాయితీ పడితే చూపించుకోవడానికి రాసుకున్నాడు. చివరి పేజీలో మాత్రం వేరుగా ఉంది. 'ఇవాళ అద్దం లేదు. బావ కన్నే. భయంగా ఉంది.'

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చూపు చాలావరకు తిరిగొచ్చింది. పైభాగం మాత్రం రాలేదు. నేరుగా చూస్తే గడియారంలో పన్నెండు కనబడదు, తలకిందులుగా తిప్పి చూసుకోవాలి. కొట్టుకు వెళ్లిన మొదటి రోజున బావమరిది నేనిచ్చిన తాళంచెవితో నా సొరుగు తీసి, అద్దం తెచ్చి అరచేతిలో పెట్టాడు. దాని అంచున వాడి వేలిముద్ర ఉంది.

తుడవకుండానే పెట్టుకున్నాను.