దారం లేని కుట్టు

ఆ మూడో అంతస్తులో గదులు ఎంత ఇరుకంటే, ఒకరు ఆవులిస్తే పక్కింటివాళ్లు నోరు తెరుస్తారు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, అక్కడ గోడలే లేవు, ఉన్నవి చెక్కలు. అలాంటి చోట దర్జీ వాళ్లమ్మకు దగ్గు పట్టుకుంది.

ఆ అంటుజబ్బుతో అప్పటికే ఊరంతా మూతబడింది. ఎవరైనా దగ్గినట్టు తెలిస్తే ఆస్పత్రి వ్యాను వచ్చి ఎక్కించుకుపోతుంది. ఆ అంతస్తు మెట్లకు అడ్డంగా పలకలు కొట్టేస్తారు. కింది అంతస్తు నుంచి వెళ్లినవాళ్లలో ఇంకా ఒక్కరూ తిరిగి రాలేదు. పైగా పక్కగదిలో ఉన్నది ఈలబాబాయి. కండక్టరుగా పనిచేసి బస్సు దిగాడు గానీ ఈల వదల్లేదు. వరండాలో ఎవరు కాలు పెట్టినా కుయ్యిమనిపిస్తాడు, దగ్గు వింటే వ్యానునే పిలిచేస్తాడు. ఇక ఆయన రేడియో మోత సరేసరి.

అందుకని దర్జీ ఒక ఉపాయం కనిపెట్టాడు. అమ్మ గొంతు గరగరమనగానే గబుక్కున మిషను ముందు కూర్చుని తొక్కడం, దగ్గు ఆగగానే ఆపడం. గుడ్డ ఉన్నన్నాళ్లూ కుట్టాడు. అది అయిపోయాక తన చొక్కాల కుట్లే విప్పి మళ్లీ కుట్టాడు. దారం కూడా నిండుకున్నాక ఉత్త సూదితోనే తొక్కాడు.

"నా పెళ్లిలో కూడా ఇంత మేళం మోగలేదురా," అంది అమ్మ.

"మాట్లాడకమ్మా, ఆయాసం వస్తుంది."

భార్య నవ్వలేదు. "మీరు దాస్తున్నది దగ్గునా, అత్తయ్యనా?" అంది. దర్జీ మిషను తొక్కుతూనే ఉన్నాడు. అమ్మను వ్యానెక్కిస్తే మళ్లీ చూస్తానో లేదోనన్న భయం వాడిని నమిలేస్తోంది.

ఒక మధ్యాహ్నం అమ్మ పెదవులు నీలంగా మారాయి. దగ్గడానికి కూడా ఓపిక లేదు. "ఆక్సిజన్ పెట్టాలి, వెంటనే పంపండి," అన్నాడు ఫోన్లో డాక్టరు. వ్యాను నంబరుకు చేస్తే ఎత్తే నాథుడు లేడు. కిటికీలోంచి చూస్తే వ్యాను వీధి చివరే ఉంది, మెట్లు దిగి వెళ్లేలోపు మలుపు తిరిగిపోతుంది. గొంతు చించుకుని అరిచినా దాని మైకు హోరులో వినపడలేదు.

దర్జీ చెక్కగోడ బాదాడు. "బాబాయ్! కిటికీలోంచి ఈల వెయ్యి, వ్యానును పిలువు. మా అమ్మకి ఊపిరాడటం లేదు!"

"ఇప్పుడొద్దురా. నువ్వు మిషను తొక్కు."

దర్జీకి ఒళ్లు మండిపోయింది. "ఇన్నాళ్లూ చీమ చిటుక్కుమన్నా ఈల వేశావు కదా! ఇప్పుడేమొచ్చింది?"

రేడియో ఆగింది. గోడ అవతల ఆడమనిషి దగ్గు, సన్నగా, ఆగకుండా.

"మీ పిన్నిరా. నీ మిషను మోగుతున్నప్పుడే దగ్గమనేవాణ్ణి. తక్కినప్పుడు రేడియో పెంచేవాణ్ణి," అన్నాడు బాబాయి. "వాళ్లొస్తే గదిగదీ వెతుకుతారు. దాన్ని తీసుకుపోతార్రా."

 ఇన్నాళ్లూ దర్జీ ఎవరికి భయపడ్డాడో, ఆయనా తనలాగే దాక్కున్నాడు.

"ఇద్దర్నీ పంపుదాం బాబాయ్. ఒకరికొకరు తోడుంటారు," అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు.

అవతల కిటికీ రెక్క తెరుచుకుంది. తర్వాత ఈల మోగింది. వ్యాను ఇటు తిరిగేదాకా మోగుతూనే ఉంది.

ఇద్దరు ముసలమ్మల్నీ ఒకరి వెనక ఒకర్ని దించారు. అమ్మ కొడుకు చెయ్యి పట్టుకోబోతే ముసుగు మనిషి అడ్డొచ్చాడు. మెట్లకు పలకలు పడ్డాయి.

పొద్దువాలుతుండగా బాబాయి గోడ తట్టాడు.

"కబురేమైనా వచ్చిందా?"

"లేదు బాబాయ్."

"రేడియో పెట్టబుద్ధి కావట్లేదు. ఈ నిశ్శబ్దం భరించలేకపోతున్నాను. కాసేపు మిషను తొక్కరా."

దాచడానికి ఏమీ మిగల్లేదు. అయినా దర్జీ తొక్కాడు. మధ్యలో అలవాటుకొద్దీ ఆపి, అమ్మ మంచం వైపు చెవి పెట్టాడు. దగ్గు వినపడలేదు. మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.