టైరు మీద కూర్చున్న కోడలు

ఆ టైర్ల షాపులో మంట మామగారి సొత్తు. ట్యూబు లేని పెద్ద టైరు రిమ్ము మీద కూర్చోనని మొరాయిస్తే, ఆయన అంచు చుట్టూ పెట్రోలు చల్లి, దూరంగా నిలబడి అగ్గిపుల్ల విసిరేవారు. ఢామ్మని పేలి, టైరు అంచులు ఎగిరి రిమ్ముకి అతుక్కునేవి. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. మంటల మాస్టారు అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు వింటే ఆయనకి కడుపు నిండిపోయేది.

కిందటి నెల ఆ మంట కొడుకు చేతిని అంటుకుంది. కోడలు ఆ చేతికి మందు రాస్తుంటే మామగారు గుమ్మంలో నిలబడి, "వాడు వెనక్కి జరగాల్సింది, జరగలేదు," అన్నారు. అంతే. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ ఆమె ఆయనకి ఎదురు చెప్పిందే లేదు. కానీ కొద్దిరోజులకే ఒక గాలి మిషను తెచ్చి షాపులో పెట్టింది. చంకలో ఇమిడేంత ఉక్కు ట్యాంకు, దానికో పొట్టి గొట్టం, ఒక మీట. ట్యాంకు నిండా గాలి పట్టి, గొట్టాన్ని టైరుకీ రిమ్ముకీ మధ్య సందులో పెట్టి మీట నొక్కితే, ఆ గాలంతా ఒక్క ఊపున టైరులోకి దూసుకుపోతుంది. మంట చేసే పని గాలే చేస్తుంది.

"వంటింట్లో కుక్కరు దారితప్పి ఇటొచ్చినట్టుందే," అన్నారు మామగారు.

ఆ రోజు ట్రాక్టరు డ్రైవరు తెచ్చిన టైరు ఎక్కడో బరువుల కింద పడి ఉండి అణిగిపోయింది. అంచులు రెండూ దగ్గరికొచ్చేసి రిమ్ముకి అందడం లేదు. కోడలు వాటికి సబ్బునీళ్లు రాసి, గొట్టం పెట్టి, మీట నొక్కింది. గాలి భుస్సుమంది. గొట్టం ఎదురుతన్ని ఆమె చేతుల్లోంచి జారబోయింది. నురగ ఎగిరి డ్రైవరు చొక్కా మీద పడింది. టైరు మాత్రం కదల్లేదు.

"నేను స్నానానికి రాలేదమ్మా," అన్నాడు డ్రైవరు. "అక్కడ పొలంలో పని ఆగిపోయింది. మాస్టారూ, మీ పద్ధతే కానివ్వండి."

మామగారు అప్పటికే పెట్రోలు సీసా అందుకున్నారు. "జరుగు," అన్నారు.

కోడలు జరగలేదు. మిషను పక్కన పెట్టి, ఆ టైరు మీదే కూర్చుంది.

"ఏంటిది?"

"కూర్చున్నాను మావయ్యా."

"కనపడుతోంది. లే."

"లేవను. ఈ షాపులో ఇంక మంట వద్దు."

రెండు చేతులతో టైరు అంచుని గట్టిగా పట్టుకుంది. రోడ్డు మీద ఒకరిద్దరు ఆగారు. భర్త దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"నలుగురూ చూస్తున్నారు. లేద్దూ."

"మంటనైతే చూడొచ్చు, నన్ను చూడకూడదా?"

"నాన్న పరువు..."

"ఆ చెయ్యి చూపించి ఆ మాట అనండి."

అతను కట్టు కట్టిన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"టైరుని కూర్చోబెట్టమంటే మనిషిని కూర్చోబెట్టారు," అని డ్రైవరు నిట్టూర్చాడు. ఎవరో కిసుక్కుమన్నారు. మామగారు నవ్వలేదు.

"నువ్వు పుట్టకముందు నుంచీ కాలుస్తున్నాను. నాకేమైనా అయిందా?"

"మీకు కాలేదు. మీ అబ్బాయికైంది. ఈసారి ఎవరికో నాకు తెలీదు. మీకు తెలుసా?"

ఆయన టైరు చుట్టూ తిరిగారు. సీసా మూత తీశారు, మళ్లీ బిగించారు. కోడలి మీద కోపం ఒకవైపు, ఆ టైరు అలా పడి ఉండటం చూడలేని చిరాకు ఇంకోవైపు. చివరికి చిరాకే గెలిచింది.

"మిషను తెచ్చావు సరే. టైరు నడుముకి బెల్టు బిగించావా? నడుము నొక్కితేనే అంచులు బయటికొస్తాయి. లేకపోతే ఎంత గాలి కొట్టినా గాలికే పోతుంది."

"అయితే బిగించండి."

"నువ్వు లేస్తేగా."

కోడలు సీసా వైపు చూసింది. తను లేచిన మరుక్షణం ఏం జరిగినా జరగొచ్చు.

"లేస్తాను. కానీ మిషను మీరు పట్టుకోవాలి."

"నేనా?"

"గొట్టం ఎదురుతంతోంది. నాకు ఆగడం లేదు. రెండు చేతులూ పెట్టి పట్టుకునే మనిషి కావాలి."

అందులో అబద్ధం లేదు. ఆ రెండు చేతుల్లో ఇక అగ్గిపుల్లకి చోటుండదన్న సంగతీ అబద్ధం కాదు. మామగారికి రెండూ అర్థమయ్యాయి. ఆమె ముఖంలోకి చూశారు. ఆమె తల దించుకోలేదు. ఆయన సీసా కింద పెట్టారు. కొడుకు దాన్ని తీసుకుని గబగబా పెరట్లోకి వెళ్లిపోయాడు.

అప్పుడు లేచింది కోడలు. ఇద్దరూ కలిసి బెల్టు బిగించారు. ట్యాంకులో మళ్లీ గాలి నింపారు. మామగారు దాన్ని పొట్టకి అదుముకుని, గొట్టాన్ని సందులోకి గురిపెట్టారు. ఆమె మీట నొక్కింది.

ఢాం అని షాపు రేకులు అదిరాయి. రోడ్డు మీదివాళ్లు ఒక అడుగు వెనక్కేశారు. టైరు ఒళ్లు విరుచుకున్నట్టు ఉబ్బింది. గాలి పైపు తగిలించి ఇంకాస్త నింపేసరికి ఒక అంచు టప్పుమంది, వెంటనే రెండోది. టైరు కూర్చుంది.

"మాస్టారూ, మీ మంటకంటే ఇదే గట్టిగా మోగింది," అన్నాడు డ్రైవరు.

మామగారు అటు చూడలేదు. మిషనూ కింద పెట్టలేదు. చొక్కా అంచుతో గొట్టం మీది నురగ తుడిచి, "ఇక నుంచి ఇది నా దగ్గరుంటుంది. నీకు బరువు," అన్నారు.

కోడలు చేతులు చాచింది. "మిషను నాది మావయ్యా. కావలసినప్పుడు అడగండి, ఇస్తాను."

పెరట్లోంచి వచ్చిన భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు. మామగారు ట్యాంకుని ఇంకాస్త దగ్గరికి అదుముకున్నారు. ఆమె చాచిన చేతులు దించలేదు.

"అడిగితే ఇస్తావా?"

"మంట ఊసెత్తకుండా అడిగితే ఇస్తాను."

ఆయన గొణుక్కుంటూ మిషను ఆమె చేతుల్లో పెట్టారు. వెంటనే గోడవైపు చూస్తూ, "ఇటివ్వు," అన్నారు.

"అలా కాదు, అడగాలి," అంది కోడలు.