పదకొండు తూటాలు, ఒక గడి

మొదట చప్పుడు. తర్వాత రెక్కలు.

గాలికి కిటికీ తలుపు ధడేలుమంటుంది — చూరు కింద పావురాలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. కాసేపు ఆకాశమంతా రెక్కలే. మళ్లీ ఒక్కొక్కటే వచ్చి, ఏమీ జరగనట్టు, అదే చోట కూర్చుంటాయి.

రోజూ ఇంతే. రోజూ ఆమె తలెత్తి చూస్తుంది.

ఆమె పని యుద్ధాలు లెక్కపెట్టడం.

ఇదేం పనమ్మా తల్లీ, అని పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంటుంది. నిజమే మరి. పాత వార్తాపత్రికలు తిరగేయాలి. ఏ రెండు దేశాలు, ఏ సరిహద్దు, ఏ రోజు... కొట్టుకుంటే పట్టికలో ఆ గడిలో ఒకటి. ఊరుకుంటే సున్నా. ఆరేళ్లుగా అదే పని. ఒకటి... సున్నా... సున్నా... ఒకటి.

ఆమె పనిచేసే గదిలో శాంతి అంటే సున్నా. పాపం, దానికి అంతకంటే మర్యాద దక్కలేదు.

ఆమెకు మాత్రం సున్నాలంటేనే ప్రాణం.

అందులోనూ ఒక నది సున్నాలు. అటు గట్టు ఒక దేశం, ఇటు గట్టు ఇంకో దేశం. మధ్యలో నీళ్లు ఎంత సన్నమంటే, అవతల కాపలావాడు దగ్గితే ఇవతల వినబడేది. ఎవరి బనీనుకు ఎక్కడ చిరుగుందో ఎదుటివాళ్లకు తెలుసు. మనిషి మొహం కనబడని కొండల మీద తుపాకులు పేలాయి. ఇక్కడ పేలలేదు. రోజూ మొహాలు చూసుకునే శత్రువులు కొట్టుకోవడం తక్కువ — ఆమె రాస్తున్న పుస్తకమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది. పన్నెండేళ్లు. వరసగా సున్నాలు.

ఒక్కచోట తప్ప.

తొమ్మిదో ఏడు. ఒక పొద్దున. ‘నదికి ఇరువైపులా కాల్పులు. మృతులు లేరు.’ పత్రికలో రెండే ముక్కలు. గడిలో ఒకటి.

ఆమె పుట్టిందీ ఆ రోజే.

అచ్చువేసేవాళ్లు ఉత్తరం రాశారు. ఆ ఒకటి ఉన్నంతవరకు పన్నెండేళ్ల శాంతి అనడానికి వీల్లేదన్నారు. నెలాఖరులోగా తేల్చండి, లేకపోతే పుస్తకం లేదన్నారు. అంటే ఆరేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. ఆమెకు రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడో రోజు పొద్దున ఆ వార్త ఉన్న కాగితం ఇంట్లో బల్ల మీద మర్చిపోయి స్నానానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి నాన్న చేతిలో ఉంది.

నాన్న ఒకప్పుడు ఆ నదికి ఇవతలి గట్టున సిపాయి. ఆ నదిని ఆమె ఎంచుకున్నది అందుకే. అక్కడి సంగతులు ఎన్నిసార్లడిగినా దోమల గురించే చెప్పేవాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషే — అయినా దోమలు తప్ప ఇంకేమీ చెప్పలేదు.

ఇప్పుడు కళ్లజోడు ముక్కు మీదికి జార్చి నవ్వుతున్నాడు. పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

“ఇదా? ఓసి పిచ్చిదానా... ఇది నీకోసమేనే!”

టెలిగ్రాం వచ్చిందట ఆ పొద్దున. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. ఆయనకు కాళ్లు నేలమీద ఆగలేదట. నీళ్లదాకా పరుగెత్తి, అవతలికి చేతులూపుతూ అరిచాడట — కూతురు పుట్టింది, నాకు కూతురు పుట్టింది! అవతలి గట్టున ఒక బక్కపల్చటివాడు కాసేపు తెల్లబోయి చూశాడట. తర్వాత తుపాకీ ఆకాశానికెత్తాడట.

పదకొండు తూటాలు. పండగలా.

మావాళ్లు ఊరుకుంటారా మరి, అన్నాడు నాన్న.

తర్వాత విచారణలు, చీవాట్లు. బయట ఎక్కడైనా నోరు జారితే ఉద్యోగం ఊడుతుందన్నారు. రెండు గట్లవాళ్లూ నోళ్లు కుట్టేసుకున్నారు. ముప్ఫై నాలుగేళ్లు.

“నేనిక్కడ నొప్పులు పడుతుంటే మీరక్కడ తుపాకులు పేల్చుకున్నారన్నమాట!” వంటింట్లోంచి అమ్మ.

ఆమె నవ్వింది. ఏడ్చింది కూడా. చెప్పుల్లో కాళ్లు పెట్టీపెట్టకుండా పనిగదికి పరుగెత్తింది.

గదిలో రెండో బల్ల దగ్గర రూలుకర్ర పిన్ని ఉంది. లైబ్రరీలో పనిచేసి రిటైరయిన మనిషి. ఆమె నింపిన ప్రతి గడినీ మళ్లీ చూసి, ఔను, కాదు అనడం పిన్ని పని. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. గీత వంకరపోతే ఊరుకోదు, అంతే.

పిన్ని అంతా విన్నది. ఒక్కసారి కూడా నవ్వలేదు. గోడ మీది కాగితం చూపించింది.

నాలుగో నియమం. తుపాకీ పేలితే ఒకటి. ఎందుకు పేలిందని అడగరాదు.

రాసింది ఎవరు? ఈమే. మొదటి ఏడాది ఎందుకు, ఎందుకని వాదించుకుంటూ కూర్చుంటే వారానికి ఒక్క గడి కూడా నిండలేదు. విసుగెత్తి రాసేసింది. తాను తీసిన గోతిలో తానే పడటమంటే ఇదే.

“పైగా సాక్ష్యం చెప్పేది మీ నాన్న, పుట్టింది నువ్వు,” అంది పిన్ని. “అవతలి గట్టు మాట ఏదీ?”

ఆమె తెల్లకాగితం ముందుకు లాక్కుంది.

అవతలి దేశపు మాజీ సైనికుల సంఘానికి రాసింది. పుస్తకం సంగతి, తేదీ సంగతి రాసింది. తన సంగతి రాయలేదు. సాక్షికి జవాబు ముందే అందించకూడదు కదా.

ఎదురుచూసింది. పది రోజులు. పదిహేను. నెలాఖరుకు రెండు రోజులుందనగా కవరొచ్చింది.

లోపల కాపలా డైరీలో ఒక పేజీ నకలు. వంకర అక్షరాలు. ‘పదకొండు తూటాలు ఖర్చు. కారణం — ఎదుటి గట్టున పాపాయి.’

కింద, అవే వంకర అక్షరాల్లో, కొత్త సిరాతో ఇంకో వాక్యం.

‘ఆ పాప బాగుందా?’

ముప్ఫై నాలుగేళ్లుగా... నదికి అవతల... ఒకాయన అడగాలనుకున్న మాట.

పిన్ని రెండుసార్లు చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. అద్దాలు తుడిచిందో, కళ్లు తుడిచిందో.

“సాక్ష్యం బాగుంది,” అంది. “కానీ ఒక్క నీ పుట్టినరోజుకే ‘ఎందుకు’ అని అడిగి ఊరుకుంటే న్యాయం కాదమ్మాయ్. అన్నిటికీ అడగాలి.”

పట్టికలో ఒకట్లు ఆరువందల నలభై. అన్నిటికీ ఎందుకని అడగాలంటే ఇంకో మూడేళ్లు. నెలాఖరు ఎటూ దాటిపోతుంది. ఈ అచ్చువేసేవాళ్లు ఆగరు. అడిగాక ఎన్ని ఒకట్లు మిగులుతాయో, ఎన్ని సున్నాలు పుడతాయో... ఆమె ఇష్టపడ్డ మాటే నిలుస్తుందో, కూలుతుందో... ఎవరికి తెలుసు?

భయం వేసింది. దానికంటే సంతోషం ఎక్కువ వేసింది.

కుర్చీ ఎక్కి నాలుగో నియమాన్ని గోడ మీంచి పీకేసింది. పిన్ని కుర్చీ పట్టుకుంది. మొదటిసారి నవ్వింది కూడా — పై పన్ను ఒకటి వంకర.

ఆమె రబ్బరుతో ఆ ఒకటి తుడిచింది. సున్నా పెట్టబోయి ఆగింది.

అది సున్నా కాదే! ఆ పొద్దున అక్కడ ఏమీ జరగకపోవడం కాదు. జరిగింది. దానికి ఏ అంకె వేయాలో ఇంకా ఎవరూ రాయలేదు.

గడి ఖాళీగా వదిలేసింది. తెల్లకాగితం తీసుకుంది. బక్కపల్చటాయనకు రాసింది.

‘పాప బాగుందండీ.’

ఇంకా ఏం రాయాలా అని పెన్ను కొరుకుతుంటే —

గాలి. ధడేలుమని కిటికీ.

మొదట చప్పుడు.

తర్వాత... రెక్కలు, రెక్కలు, రెక్కలు.