ఇరవై రెండో అంతస్తులో కొబ్బరి మొవ్వు

ప్రేమ్ కుమార్ లాంటి తమ్ముడు పగవాడికి కూడా వద్దని సాలమోను ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. చెప్పడంలో తప్పేముంది? సఖినేటిపల్లిలో తండ్రి కొన్న కొబ్బరితోట అన్నదమ్ములిద్దరిదీ. ఉద్యోగస్తుడైతే బ్యాంకువాళ్ళు అప్పిస్తారని కాగితం మాత్రం చిన్నవాడి పేరున రాయించాడు. ఆ చిన్నవాడికి చదువబ్బడం కోసం ఎనిమిదిలో బడి మానేసి, కొబ్బరికాయల వొలుపు కూలికి పోయింది సాలమోనే. తండ్రి పోయి పదేళ్ళయింది. వాటా మాట తమ్ముడి నోట రాలేదు.

అందుకే, ప్రేమ్ కుమార్ కూతురు శారోన్ హైదరాబాదులో ఏదో పెద్ద హోటల్‌కి హెడ్ చెఫ్ అయిందని విందుకి పిలిస్తే, సాలమోను భార్య హన్నాని వెంటబెట్టుకుని రైలెక్కేశాడు. విందుకి కాదు, వాటాకి.

"అక్కడ గొడవ పెట్టకండి," అంది హన్నా.

"గొడవెందుకే? అడుగుతానంతే."

"పదేళ్ళ నించీ అడుగుతానంతే అంటున్నారు. ఆయన ఎదట పడితే మీ నోట్లో బెల్లంగడ్డే కదండీ!"

హోటలు ఇరవై రెండో అంతస్తులో ఉంది. గోడలన్నీ అద్దాలే. కింద హైదరాబాదు, క్రిస్మస్‌కి చర్చి మీద వేసిన సీరియల్ లైట్లలా మిణుకుమంటోంది. సాలమోను కుర్చీ పట్టుకుని గాని కిందికి చూడలేకపోయాడు. అక్కడ జపాను వంటనీ మెక్సికో వంటనీ మనూరి సరుకుతో కలిపి వండుతారట.

తినేముందు పెద్దవాడు ప్రార్థన చెయ్యడం ఆ ఇంటి ఆనవాయితీ. సాలమోను లేచి నిలబడ్డాడు. పిల్లకిచ్చిన జ్ఞానానికి స్తోత్రం చెల్లించాడు. ఆహారాన్ని దీవించమన్నాడు. ఆ తర్వాత గొంతు పెంచాడు. "ప్రభువా, ఒకరి సొత్తు ఇంకొకరి దగ్గర ఉండిపోతే, అది తిరిగిచ్చే మనసు ఈ బల్ల దగ్గర కూర్చున్నవారికి దయచేయుము తండ్రీ!"

ప్రేమ్ కుమార్ ఆమెన్ కాస్త ఆలస్యంగా వచ్చింది. బల్లకింద హన్నా మొగుడి కాలు తొక్కింది.

పనసపొట్టు మొక్కజొన్న రొట్టెలో మడిచి తెచ్చారు. చేపముక్క మీద మామిడికాయ పులుసు నురగలా నిలబడింది. పూతరేకులో రొయ్యలొచ్చాయి.

"తీపి లేని పూతరేకేవిటే?"

"మాట్లాడకుండా తినండి."

సాలమోను తిన్నాడు. తిని, ఇంకోటి తిన్నాడు. చివరికి శారోన్ తనే ఒక నల్లరాతి పళ్ళెం పట్టుకొచ్చింది.

"పెదనాన్నగారూ, ఇది మీకోసమే చేసేనండి."

పళ్ళెంలో దంతంలాంటి తెల్లటి ముక్కలు, మీద ఆకుపచ్చటి పొడి. సాలమోను ఒకటి నోట్లో వేసుకున్నాడు. మొదట తియ్యగా తగిలింది. తర్వాత సముద్రపు ఉప్పు. ఆఖరికి, వాన వెలిసిన తోట వాసన.

కొబ్బరి మొవ్వు! చెట్టు నడినెత్తిన, మట్టల మధ్య దాక్కునే లేత గుజ్జు. అది తీస్తే చెట్టు చస్తుంది. అందుకే గాలివానకి చెట్టు కూలితే తప్ప దాన్నెవరూ తినరు.

"ఎక్కడిదమ్మా?"

"మొన్న గాలికి మన తోటలో చెట్టు పడింది కదండీ, నాన్న బస్సుకి వేయించేరు. వెన్నలో కాల్చి, సముద్రపు నాచు పొడి చల్లేను."

సాలమోను తన చేతులకేసి చూసుకున్నాడు. లక్షల కాయలు వొలిచిన చేతులవి. చెట్టులో ఇంతుందని వాటికి తెలియదు. తన భుజాల మీదెక్కి చర్చికొచ్చిన పిల్ల, చచ్చిన చెట్టులోంచి దీన్ని పైకి తీసింది. ఆ పిల్లకేసి, కలలో మనిషిని చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు.

ప్రేమ్ కుమార్ గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యా, నీ ప్రార్థన నాకర్థమైంది. తోటలో నీ సగం నీకు రాసిచ్చేస్తాను. వచ్చేవారం రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం."

పదేళ్ళు ఎదురుచూసిన మాట! కానీ కోనసీమలో ఒక మర్యాదుంది. ఎవరేమిచ్చినా మొదట వద్దనాలి. ఇచ్చేవాడు బతిమాలాలి. మళ్ళీ వద్దనాలి. మూడోసారికి, "మీరింతగా చెప్తున్నారు కాబట్టి" అని పుచ్చుకోవాలి. ముందే చెయ్యి చాపితే కరువు మొహమంటారు. పైగా నోట్లో ఇంకా ఆ రుచుంది. దాని ముందు తోటా గీటా ఏపాటివి?

"వద్దులేరా," అన్నాడు సాలమోను. "పిల్ల ఇంతదైంది, నాకదే చాలు."

అని, తమ్ముడు బతిమాలడం కోసం ఆగాడు.

ప్రేమ్ కుమార్ ఇరవయ్యేళ్ళ నుంచీ హైదరాబాదు మనిషి. మర్యాద మరిచాడో, గుర్తుండే ఆ పని చేశాడో దేవుడికే ఎరుక. గభాల్న లేచి అన్నగారి చేతులు పట్టుకున్నాడు.

"ఎంత మనసన్నయ్యా నీది! శారోనూ, విన్నావా? పెదనాన్న తన సగం నీకిచ్చేస్తున్నాడు!"

"అయ్యో పెదనాన్నగారూ!" శారోన్ ఆయన చెయ్యి కళ్ళకద్దుకుంది. "అక్కడే మన హోటల్ పెడతానండీ!"

పక్క బల్లలవాళ్ళు చప్పట్లు కొట్టారు. సాలమోను భార్యకేసి చూశాడు.

"నాకేసి చూస్తారేం? ఆయ్ అనండి," అంది హన్నా పళ్ళ బిగువున.

"ఆయ్," అన్నాడు సాలమోను.

పళ్ళెంలో మిగిలిన ముక్క నోట్లో వేసుకున్నాడు. కోపంతో తిన్నా ఆ రుచి పిసరంత తగ్గలేదు. నములుతూ లెక్కేసుకున్నాడు. తోట మొత్తం నలభై రెండు సెంట్లు. అందులో తను పోగొట్టుకున్నది, రేవుకెళ్ళే రోడ్డు పక్కన, కాపుమీదున్న చెట్లతో సహా ఇరవై ఒక్క సెంట్లు.