రుచి చూసే నాలిక

"ఏమే, పాకం అయ్యిందా? జర నాలిక మీద ఏసుకొని చెప్పు."

కృపాదానం వాకిట్లో సోడా సీసాలను పెట్టెల్లో సర్దుకుంటూ కేకేశాడు. పొయ్యి ముందున్న ఎలిశిబా గరిటెతో ఇంత పాకం తీసి, ఊది, నాలిక మీద వేసుకుంది. సరిపోయింది. అయినా అది మొదటి రుచి మాత్రమే. ఎర్ర రంగూ గులాబీ ఎసెన్సూ పడ్డాక మళ్లీ చూడాలి. తర్వాత నీళ్లు కలిపి, దుకాణంలో తాగేవాళ్లకు ఎట్లా ఉంటుందో ఒక నిండు గిలాస తాగి చెప్పాలి. గులాబీ అయ్యాక నారింజ, ఆ తర్వాత సుగంధి. ఎండాకాలమైతే మధ్యాహ్నం మరో వాయి. మెదక్ పాత బస్టాండు దగ్గరి షర్బత్ దుకాణానికి అంత పేరెందుకు వచ్చిందో కృపాదానానికి తెలుసు. "నీ నాలిక లేకుంటే నా దుకాన్ లేదే" అని ఇంట్లో అనేవాడు కూడా. దుకాణంలో ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం "మా నాయిన నేర్పిన చెయ్యి" అని చెప్పుకునేవాడట. పక్కింటి రబియా ఆ మాట చెప్పినప్పుడు ఎలిశిబా నవ్వేసి ఊరుకుంది.

ఆ ఏడు ఎండలు ముదరకముందే ఆమెకు దూప పట్టుకుంది. కడవలో నీళ్లు ముంచుకుని తాగితే, చెంబు కింద పెట్టేలోపే నోరు మళ్లీ ఎండేది. తాగిందంతా ఒంటికి పోవడానికే సరిపోయేది. తలుపు గడియ చప్పుడైనప్పుడల్లా అత్త సౌభాగ్యమ్మ మంచం మీంచే "గిదేం పోవుడే తల్లీ, ఇంట్ల నిలువవా?" అనేది. రవికెలు వదులైపోయాయి. చర్చిలో ప్రార్థనకు మోకాళ్లూనితే పక్కనున్నవాళ్ల భుజం పట్టుకుని లేవాల్సి వచ్చేది. కాళ్లు గుంజుతున్నాయి అత్తమ్మా అని ఒకరోజు అంటే, "పొద్దుమూకులు పొయ్యి కాడ కూసునుడే గద, ఏం పని జేసినవని గుంజుతయి?" అంది సౌభాగ్యమ్మ. ఆమె చెడ్డది కాదు. ఒకప్పుడు సౌభాగ్యమ్మను ఆమె అత్త అన్న మాటే అయి ఉంటుంది. కానీ ఆ మాట ఎలిశిబా ఒంట్లోంచి పోలేదు. గిన్నె కడుగుతున్నా, పిండి కలుపుతున్నా, కూతురికి జడలు వేస్తున్నా, నిజంగానే నేనేం పని చేస్తున్నానని తనను తాను అడుక్కునేది. కూర్చుని చేసేది పని కాదేమో. ఇంట్లో చేసేది పని కాదేమో. దుకాణం ఆయనది, సీసాలు ఆయనవి, పేరు మామగారిది. ఇక తనదంటూ ఏముంది, ఒక నాలిక తప్ప? అదీ రోజూ వాడుకునే గరిటెలాగే గోడకు వేలాడుతున్నట్టు అనిపించి, చేస్తున్న పని ఆపేసి, ఎటు పోవాలో తెలియక వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగేది.

ఒకరోజు పొద్దున జలదారి దగ్గర చీమలు బారులు కట్టి కనిపించాయి.

"పాకం గిన్నె గిక్కడ కడిగినవా?" అంది అత్త.

కడగలేదు. రాత్రి ఆమె ఒంటికి వెళ్లి వచ్చిన చోట అది. ఎలిశిబాకు సిగ్గేసింది, తర్వాత భయమేసింది. నీళ్లు కుమ్మరించి చీమలను కొట్టేసి, గోడ దగ్గరికి వెళ్లి రబియాను పిలిచింది. రబియా పూర్తిగా వినకముందే బుర్ఖా అందుకుంది.

"మా అమ్మీకి గూడ గిట్లనే చీమలు పట్టినయక్కా. షక్కర్ బీమారి. నడువు, దవాఖానకు పోదాం."

దవాఖానలో నర్సు గాజు గొట్టంలో నీలం నీళ్లు పోసి, అందులో ఎలిశిబా తెచ్చిన మూత్రం చుక్కలు వేసి, దీపం మీద కాచింది. నీలం పచ్చబడింది. పచ్చ పసుపయింది. ఆఖరికి ఇటుక రంగుకు తిరిగి నిలిచింది. రోజూ రంగులు కలిపే ఎలిశిబా కళ్లు తిప్పకుండా చూసింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా షుగర్ ఉందా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మా అమ్మకు కాలు మీద పుండయింది. మా తల్లిగారింట్ల మానక మానక గట్లనే పోయింది. టేక్మాల్‌ల."

"తీపి ఎక్కువ తింటారా?"

"తినను. తాగుత. షర్బత్. రుచి జూసేటందుకు."

రోజూ ఎన్ని గిలాసలో విన్నాక డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. "మీ రక్తంలో ఉన్న జబ్బే కావచ్చు. కానీ ఇంత చక్కెర నీళ్లు రోజూ తాగితే ఎప్పుడో రావాల్సింది ముందే వస్తుంది. జబ్బు లేనివాళ్లకైనా అంత తాగడం మంచిది కాదు. ఈ బిళ్లలు వేసుకోండి. జొన్నరొట్టె తినండి. షర్బత్ మాత్రం ఇక నోట పెట్టొద్దు."

ఆ సాయంత్రం కృపాదానం అంతా విన్నాడు. అడిగిన మొదటి ప్రశ్న, "ఎవరికన్నా చెప్పినవా?"

ఎట్లుందని అడగలేదు. ఎలిశిబా ఆ ప్రశ్న కోసం రొట్టెలు కాలుస్తున్నంతసేపూ ఎదురుచూసింది.

అయితే ఆ వారంలోనే ఆయన హైదరాబాదు పోయి చిన్న పొట్లం తెచ్చాడు. "సాక్రీన్ అంటరంట దీన్ని. తీపి ఉంటది గని చక్కెర ఉండదు. ఇగ నువ్వు రుచి జూస్తె ఏం గాదు" అని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను తలుచుకున్నాడు అనుకుంది. మర్నాడు పొద్దున ఆయన అదే పొట్లం విప్పి షర్బత్ డ్రమ్ములో కలుపుతుంటే చూసింది. చక్కెర దొరకడం కష్టంగా ఉన్న రోజులు. ఇది చిటికెడు వేస్తే చాలు.

"ఎట్లుందో చెప్పు."

తాగింది. తీపి గబుక్కున నాలికను కొట్టి, అంతే గబుక్కున పోయింది. తర్వాత గొంతు మొదట్లో చేదు నిలబడింది. ఇనుప చెంచా చాలాసేపు చప్పరించినట్టు. "చేదు దాగుతలేదు" అంది. "ఎసెన్స్ ఎక్కువేద్దాం, ఎవరికి తెలుస్తది" అన్నాడు. ఆ చేదు దాగేదాకా ఆమెతో తాగించాడు.

మళ్లీ దవాఖానకు వెళ్లినప్పుడు ఆమె డాక్టరమ్మను ఆ పొడి సంగతి అడిగింది.

"మీ చాయలో కొంచెం వేసుకుంటే వేసుకోండి. గిలాసలకు గిలాసలు తాగడానికి కాదు. ఏళ్ల తరబడి తాగితే ఏమవుతుందో మాకే పూర్తిగా తెలియదు. చక్కెర అని చెప్పి పిల్లలకు అది పోయడం మాత్రం మోసం. దాహానికి నీళ్లున్నాయి కదమ్మా."

బయట వరుసలో కూర్చున్న బడిపంతులు ప్రభుదాసు ఆమె షుగర్ బిళ్లలు తీసుకోవడం చూశాడు. ఆయన ఎవరితో అన్నాడో ఏమో, పది రోజుల్లో ఊళ్లో మాట తిరిగింది. షర్బత్ కాచే ఆమెకు షుగరంట, ఆమె రుచి చూసిన పాకం తాగితే మనకూ అంటుకుంటదంట. బస్సు దిగినవాళ్లు ఎదురు దుకాణంలో చాయ తాగి పోసాగారు. కృపాదానం అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్దను అట్లాగే వదిలి లేచేవాడు.

"రేపు దుకాన్‌కు రా" అన్నాడు ఒకరోజు.

పెళ్లయిన కొత్తలో ఆమె తనంతట తాను ఒకసారి వెళ్తే, ఆడోళ్లు గల్లపెట్టె కాడ ఏందని వెనక్కి పంపిన మనిషి. ఆమె అర్థం కాక చూసింది.

"అందరి ముందట ఒక గిలాస తాగు. తాగి జర నవ్వు. గంతే. మాట ఆగిపోతది."

"పో బిడ్డా, ఇంటి ఇజ్జతు" అంది సౌభాగ్యమ్మ.

మర్నాడు ఎలిశిబా ఉతికిన చీర కట్టుకుని వెళ్లింది. హైదరాబాదు బస్సు అప్పుడే ఆగింది. ఏడుపాయల గుడికి పోయేవాళ్లు, బడి విడిచిన పిల్లలు, బల్ల మీద ప్రభుదాసు పంతులు. కృపాదానం గులాబీ షర్బత్ గిలాస ఎత్తి గొంతు పెంచాడు.

"ఇగో, మా ఇంటామె వచ్చింది. మీ కండ్ల ముందటనే తాగుతది సూడుండ్రి. అసలైన చక్కెర షర్బత్!"

గిలాస ఆమె చేతిలో పెడుతూ, పెదవులు కదలకుండా అన్నాడు. "చక్కెర లేదు దీన్ల. పొడిదే. నీకేం గాదు, తాగు."

ఆమె గిలాస వైపు చూసింది. తాగినా తనకేం కాదు. అదే నిజం. తాగి నవ్వితే ఇంటికి పోవచ్చు, ఆయన అన్నం తింటాడు, అత్త మెచ్చుకుంటుంది. కానీ ముందు వరుసలో నిలబడ్డ పిల్లలు చెమట ముఖాలతో ఆమె నోటినే చూస్తున్నారు. ఆమె తాగగానే అడుగుదామని కాచుకుని ఉన్నారు. ఇన్నేళ్లు ఇంట్లో కూర్చుని ఆ నాలికతో రుచి చెప్పింది. ఇవాళ బజార్లో నిలబెట్టి దానితోనే అబద్ధం చెప్పిస్తున్నాడు. ఆమె గిలాసను బల్ల మీద పెట్టింది.

"నాకు చెవుల చెప్పిన మాట అందరికి చెప్పుండ్రి" అంది.

"ఏం మాటనే?"

"దీన్ల చక్కెర లేదని."

బల్ల మీదివాళ్లు లేచారు. ఎలిశిబా వాళ్ల వైపు తిరిగింది. "నాకు షుగర్ ఉన్నది. అది అంటుకునే రోగం గాదు, పంతులుగారూ. డాక్టరమ్మనే చెప్పింది. గని రోజు గిన్ని తీపి నీళ్లు తాగుడు ఎవరికి మంచిది గాదు. గది గూడ ఆమెనే చెప్పింది. పిల్లలూ, దూపైతే కుండల నీళ్లున్నయి, తాగుండ్రి."

కృపాదానం ఇంటికి వచ్చాక అరిచాడు. తర్వాత అరవడం కూడా మానేశాడు. "నా పొట్ట మీద కొట్టినవ్" అన్నాడు. ఆయన బాధ కూడా నిజమేనని ఆమెకు తెలుసు. ఇన్నేళ్ల కాపురంలో తెలియనిదేముంది. కానీ ఆ బాధను మాన్పడానికి మళ్లీ తానే ఏదో మింగాలంటే మాత్రం లోపల ఏదో అడ్డం పడుతోంది.

పొద్దున ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లేసరికి పాకం ఉడుకుతోంది. ఆయనే పెట్టినట్టున్నాడు. పక్కన బడికి తయారై, జడలు వేసుకున్న కూతురు రాహేలు నిలబడి ఉంది. పదకొండేళ్ల పిల్ల. చేతిలో నిండు గిలాస. పెదవుల మీద అప్పుడే ఎర్ర రంగు.

"దీని నాలిక గూడ నీ తీర్గనే ఉన్నదే!" కృపాదానం సంబరంగా అన్నాడు. అత్త గడపలోంచి నవ్వింది. "తల్లి పని బిడ్డకు రాకుంటే ఎవరికొస్తది?"

"అమ్మా, ఇంకో గిలాస తాగి చెప్పాల్నంట" అంది రాహేలు గొప్పగా.

టేక్మాల్‌లో మంచం మీద అమ్మ కాలు, ఆ వాసన, ఈగలు. ఎలిశిబా కూతురి చేతిలోంచి గిలాస తీసుకుంది. కొంగు తడిపి ఆ పిల్ల పెదవులు తుడిచింది. పుస్తకాల సంచి భుజానికి తగిలించి, చెయ్యి పట్టుకుంది.

"మరి రుచి ఎవరు జూడాలె?" కృపాదానం లేచి నిలబడ్డాడు.

"మీరు జూడుండ్రి. కాచేది గూడ మీరే. నేను బిడ్డను బడి కాడ దింపి, పోయి దుకాన్ తెరుస్త. గల్ల కాడ కూసుంట. ఏ సీసల ఏమున్నదో అడిగినోళ్లకు నేనే చెప్త."

సౌభాగ్యమ్మ ఏదో అనబోయింది. ఎలిశిబా ఆగలేదు. గోడ మేకుకు వేలాడుతున్న దుకాణం తాళంచెవి తీసి, కూతురితో కలిసి గడప దాటింది.